ఉయ్యాలో అనేలోపు

(ఒక డిగ్రీ కాలేజీ తెలుగు విభాగం వాళ్లు పిలిస్తే వెళ్లి మాట్లాడిన మాటలివి. ఫోన్ రికార్డింగు విని రాసుకున్నాను. మధ్యలో కరెంటు పోయి మైకు ఆగిన ఐదు నిమిషాలు ఇందులో లేవు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, వెనక సీటుదాకా వినపడేలా అరవడం నాకు అలవాటే, మైకు లేకపోయినా నడుస్తుంది.

మేడం గారు ఇందాక నన్ను పరిచయం చేస్తూ "సహజ కవి" అన్నారు. ప్రేమగానే అన్నారు, నేను కాదనను, కానీ ఆ మాట ఎప్పుడు విన్నా నాకు లోపల నవ్వొస్తుంది. మన దగ్గర సహజ కవి అని ఎవరిని అంటారో గమనించారా? లెక్చరర్ పాట రాస్తే కవి. డాక్టర్ రాస్తే డాక్టరూ కవీ. కండక్టర్ రాస్తే సహజ కవి. (నవ్వులు) అంటే వీడికి నేర్పినవాళ్లు ఎవరూ లేరు, వాన పడ్డాక పుట్టగొడుగు లేచినట్టు లేచాడు అని.

నేను ఆర్టీసీలో కండక్టర్ని. ఇరవై ఒక్క ఏళ్ల సర్వీసు. పాటలు పక్క పని. పెళ్లి పాటలు, అప్పగింతల పాటలు, జాతర పాటలు, ఊళ్లో పెద్దాయన పోతే దినాలనాడు పాడే పాటలు, ఎలక్షన్లొస్తే రెండు పార్టీలకీ. (నవ్వులు) రెండు పార్టీలకీ ఒకే ఊళ్లో మాత్రం కాదు, అంత ధైర్యం లేదు.

మీరు పంపిన కాగితంలో "పాట రాయడం పుట్టుకతో వచ్చే విద్యేనా" అని ఉంది. నిన్న రాత్రి మా అమ్మని అడిగాను. ఆమెకి డెబ్భై దాటాయి. "పుట్టుకతో వచ్చేది ఏడుపొక్కటేరా, మిగిలినవన్నీ పక్కోళ్లను చూసి వచ్చినవే" అంది. అక్కడితో ఆపేస్తే మీరంతా హాయిగా టీ తాగొచ్చు. కానీ గంటసేపు మాట్లాడమన్నారు, శాలువా కూడా తెచ్చినట్టున్నారు, ఏదో ఒకటి చెప్పాలి కదా.

మా అమ్మ సంతకం కూడా సరిగా పెట్టదు. నాట్లకి పోయేది, కలుపుకి పోయేది, అంతా కైకిలి పనే. మడి గట్టు మీద చెట్టుకి పాత చీరతో ఉయ్యాల కట్టి నన్ను అందులో పడుకోబెట్టి పనిలోకి దిగేదట. మడిలో పాతిక ముప్ఫై మంది ఆడవాళ్లు. పాట ఎత్తుకునేది మా అమ్మ, మిగిలినవాళ్లు అందుకునేవాళ్లు. నాకు మాటలు రాకముందే రోజుకి ఏడెనిమిది గంటలు పాట వింటూ పెరిగాను. ఇక నేను స్కూల్లో మొదటిసారి ఏదో రాసి చూపిస్తే, మా సారు "వీడికి పుట్టుకతోనే వచ్చింది" అని అందరికీ చెప్పాడు. ఎక్కడి పుట్టుక? నాట్లనాడు మొదలైన ట్యూషన్ అది, ఫీజు కట్టలేదు కాబట్టి ట్యూషన్ అని తెలియలేదు అంతే.

ఇప్పుడు బతుకమ్మ దగ్గరికి రండి. ఇక్కడ ఆడపిల్లలకి నేను చెప్పక్కర్లేదు, మగపిల్లల కోసం చెబుతున్నాను, మీరు అక్కడ దూరంగా నిలబడి ఫోన్లు చూసుకుంటారు కాబట్టి. ఎత్తుకునే ఆమె ఒక లైను అంటుంది, చివర ఉయ్యాలో అని వదులుతుంది. చుట్టూ తిరిగేవాళ్లంతా ఆ లైను మళ్లీ అంటారు, ఉయ్యాలో అని చప్పట్లు కొడతారు. ఈలోపు ఎత్తుకున్నామె ఏం చేస్తుంది? తర్వాతి లైను కడుతుంది. తెలిసిన కథ అయితే గుర్తు తెచ్చుకుంటుంది, తెలియనిదైతే అక్కడికక్కడ కడుతుంది. ఆమెకి దొరికే టైము నాలుగైదు సెకన్లు. నాకు ఇంట్లో టేబులు, ఫ్యాను, తలుపేసుకునే గది ఉన్నాయి, రెండు లైన్లకి రెండు రోజులు పడుతుంది. మా అమ్మకి ఆ నాలుగైదు సెకన్లే రాతబల్ల. "ఎట్లా వస్తదమ్మా" అని ఒకసారి అడిగితే, "వాళ్లు ఉయ్యాలో అనేలోపు వస్తది, రాకపోతే చప్పట్లు ఆగిపోతయి కదా" అంది. అంతకుమించి ఆమె దగ్గర థియరీ లేదు.

ఒక సంవత్సరం మా చెరువు నిండింది. చాలా ఏళ్ల తర్వాత నిండింది. ఆ సాయంత్రం బతుకమ్మ దగ్గర ఆమె ఎత్తుకున్న లైన్లు నాకింకా గుర్తున్నాయి.

చెరువు కట్టా మీద ఉయ్యాలో
చేమంతులూ పూసె ఉయ్యాలో

చూశారా, ఇందులో గొప్ప కవిత్వం ఏం లేదు, కట్ట మీద చేమంతులు పూశాయి అంతే. నేను చూడమంటున్నది వేరే. మామూలుగా మాట్లాడితే "చెరువు కట్ట మీద" అంటాం. ఆమె "కట్టా" అని సాగదీసింది. "చేమంతులు" అనాలి, "చేమంతులూ" అంది. ఎందుకు సాగదీసింది? మీరు తెలుగు బీఏ వాళ్లు, గురువు లఘువు తెలుసు కదా, లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు, లెక్కపెట్టండి. "చెరువుకట్" ఐదు మాత్రలు, "టామీద" ఐదు. కింద "చేమంతు" ఐదు, "లూపూసె" ఐదు. మామూలుగా పలికితే పైనా తొమ్మిదే వస్తాయి, కిందా తొమ్మిదే. రెండు లైన్లలోనూ సరిగ్గా ఎక్కడ ఒక మాత్ర తక్కువైందో అక్కడే సాగదీసింది. "బతుకమ్మ" అనే మాటే చూడండి, అదీ ఐదు మాత్రలే. ఆ పండగ పేరులోనే ఆ నడక ఉంది, ఆమె కాళ్లు ఆ నడకలోనే తిరుగుతున్నాయి, నోరు కాళ్ల వెంట పోయింది. మాత్ర అంటే ఆమెకి తెలిసింది జ్వరం మాత్రే. (నవ్వులు) కానీ ఒక్క మాత్ర తప్పితే ఆమె మొహం చిట్లిస్తుంది, అన్నంలో రాయి తగిలినట్టు.

సహజం అంటే నాకు అర్థమైంది ఇదే. లెక్క లేకపోవడం కాదు. నేర్చుకుంటున్నట్టు తెలియకుండా నేర్చుకున్న లెక్క.

పెద్దల్లో కూడా చూడండి, పోతన భాగవతంలో స్కంధాల చివర గద్యంలో తన పేరు ముందు "సహజపాండిత్య" అని పెట్టుకున్నాడు. నాది చదివి తెచ్చుకున్నది కాదు, సహజంగా అబ్బింది అని చెప్పుకున్నట్టు. సరే, ఒప్పుకుందాం. మరి ఆ సహజ పండితుడు ఎక్కడైనా గణం తప్పాడా? సీసం రాస్తే సీసం లెక్కలో, మత్తేభం రాస్తే మత్తేభం లెక్కలో. బమ్మెర ఎక్కడో కాదు, మన జనగామ వైపే. మా బస్సు ఆ రూట్లో పోయినప్పుడల్లా అనుకుంటాను, ఆయన కూడా చిన్నప్పుడు ఎవరి నోటో పద్యాలు వింటూ తిరిగే ఉంటాడని. ఇది నా ఊహే, పరీక్షలో రాయకండి.

మన భాషలో ఇంకొకటుంది. పాట రాయడం అనే మాట మనకి ఈ మధ్యది. మా ఊళ్లో పాట రాశాడు అనరు, పాట కట్టాడు అంటారు. మా వైపు అప్పటికప్పుడు పాట అల్లడాన్ని కైగట్టడం అంటారు. "వాడు మంచిగ కైగడతడు" అని. ఇల్లు కడతాం, చెరువుకి కట్ట కడతాం, పూలు కడతాం, గొడ్డుని గుంజకి కడతాం, పాటా కడతాం. ఈ కట్టే పనులన్నిటిలోనూ మొదట జారిపోయేది ఏదో ఉంటుంది, దాన్ని జారకుండా ముడి వెయ్యాలి. రాయడం అంటే కాగితం ముందుంటుంది. కట్టడం అంటే కాగితం లేకపోయినా పనవుతుంది.

అందుకే పాటకి పనితో చుట్టరికం ఎక్కువ. విసుర్రాయి పాట ఒకలా ఉంటుంది, గుండ్రంగా, ఆగకుండా, రాయి తిరిగినట్టు. రోకటి పాట ఇంకోలా ఉంటుంది, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు దంచుతుంటే ఆ దెబ్బ దగ్గర మాట పడాలి, ముందు పడితే రోకళ్లు గుద్దుకుంటాయి. అక్కడ తాళం తప్పడం అంటే చెయ్యి విరగడం. నాట్ల పాట వెనక్కి నడుస్తూ పాడే పాట, నాటేటప్పుడు వెనక్కే కదా అడుగేస్తాం. ఇప్పుడు రైసు మిల్లొచ్చింది, గ్రైండరొచ్చింది, నాటు మిషన్లు వచ్చాయి. రావాలి కూడా, మా అమ్మ నడుం ఈరోజుకీ వంగే ఉంది, ఆ పని బాగుండేదని చెప్పేవాణ్ని నేను నమ్మను. కాకపోతే పని పోయినప్పుడు పాట ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పలేదు. కొంత బతుకమ్మలో మిగిలింది, కొంత యూట్యూబ్ ఎక్కింది. ఇంకొంత, నమ్ముతారో లేదో, బస్సెక్కింది. 2023 డిసెంబరులో ఆడవాళ్లకి ఫ్రీ బస్సు మొదలైన దగ్గర్నుంచి జాతర రోజుల్లో నా బస్సంతా ఆడవాళ్లే, సీట్లు లేక నిలబడి, రాడ్డు పట్టుకుని పాడతారు. నేను జీరో టికెట్లు కొడుతూ వింటుంటాను. టికెట్ మిషన్ చప్పుడు కూడా తాళానికి సరిపోతుంది కొన్నిసార్లు.

అయితే ఈ పని పాటలే ఉద్యమాల్లోకి వెళ్లాయి, అది మీకు మీ సిలబస్‌లో ఉండే ఉంటుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో సుద్దాల హనుమంతు గారు ఏం చేశారు? కొత్త బాణీ కనిపెట్టాలని కూర్చోలేదు. గొల్లసుద్దులు తీసుకున్నారు, బుర్రకథ తీసుకున్నారు, జనం చెవుల్లో అప్పటికే ఉన్న నడకలో కొత్త మాట పెట్టారు. పసులు కాసే పిల్లవాడి మీద ఆయన కట్టిన పాట అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా ఎవరైనా ఎత్తుకుంటే మిగిలినవాళ్లు అందుకుంటారు. ఆయన కొడుకు అశోక్ తేజ గారు సినిమాల్లోకి వెళ్లి, 2003లో వచ్చిన సినిమా పాటకి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. రక్తంలో ఉంది అంటారు జనం. రక్తంలో ఏముంటుందండీ, మలేరియా ఉంటుంది. (నవ్వులు) ఆ ఇంట్లో పాట ఉంది. చెవి అక్కడ తయారైంది.

అందెశ్రీ గారి గురించి చెప్పకుండా ఈ విషయం మాట్లాడితే తప్పు. 2025 నవంబరులో పోయారు. 1961లో రేబర్తిలో పుట్టారు. బడి మొహం చూడలేదు, పశువులు కాశారు, తాపీ పని చేశారు. ఆయన పాట 2024లో రాష్ట్ర గీతమైంది, మీరు రోజూ నిలబడి పాడుతున్నదే. మీలో ఎంతమందికి అందులో ప్రతి మాటకీ అర్థం తెలుసు? చేతులెత్తండి. ... చూశారా. డిగ్రీ చదువుతున్నవాళ్లకి తెలియని మాటలు బడికి పోనాయన వాడారు. దీన్ని చూసి మనవాళ్లు వెంటనే దైవదత్తం అనేస్తారు. అలా అంటే ఆయన్ని గౌరవించినట్టు కనిపిస్తుంది కానీ, ఆయన పడిన పాటు లెక్కలోంచి తీసేసినట్టు. చదవడానికి అవకాశం లేనివాడు ఆ మాటలన్నీ ఎన్నేళ్లు వింటే, ఎంత జాగ్రత్తగా వింటే, ఎన్నిసార్లు నోట్లో తిప్పుకుంటే వస్తాయి? కాగితం మీద రాసుకుంటే మర్చిపోయినా పర్వాలేదు, మళ్లీ చూసుకోవచ్చు. కాగితం లేనివాడు మర్చిపోకూడదు. నా దృష్టిలో అది చదువు కన్నా కష్టమైన చదువు.

ఇంకో సంగతి మీకు నచ్చుతుంది, మీ తరం పాటే. 2023 మార్చిలో ఆస్కార్ వచ్చిన మన పాట ఉంది కదా, దాన్ని రాసిన చంద్రబోస్ గారు ఇంటర్వ్యూల్లో చెప్పారు, పాటలో తొంభై శాతం సగం రోజులో అయిపోయింది, మిగిలిన పది శాతానికి పందొమ్మిది నెలలు పట్టిందని. నాకు ఈ లెక్క చాలా ఇష్టం. ఆ సగం రోజు ఉంది చూశారూ, అది చల్లగరిగె. ఆయన ఊరు. అక్కడ చిన్నప్పుడు విన్నది, తిన్నది, చూసింది అంతా ఆ సగం రోజులో దూకి బయటికొచ్చింది. ఆ పందొమ్మిది నెలలు ఉద్యోగం. జనం సగం రోజు గురించే మాట్లాడతారు, ఎందుకంటే అందులో మ్యాజిక్ ఉంది. రాసేవాడికి నిద్ర పట్టనిచ్చేది కూడా ఆ సగం రోజే, పట్టనివ్వనిది మాత్రం ఆ పది శాతం.

అన్నమయ్య సంగతి కూడా అంతే. 1424 నుంచి 1503 దాకా, అంటే 79 ఏళ్లు పాడాడు. ముప్ఫై రెండు వేల సంకీర్తనలని సంప్రదాయం చెబుతుంది, రాగిరేకుల మీద మనకి మిగిలినవి అందులో సగం కన్నా తక్కువ. ముప్ఫై రెండు వేలని 79తో భాగించండి, ఏడాదికి నాలుగు వందల పైన వస్తాయి. రోజుకి ఒకటి దాటి! జ్వరం వచ్చిన రోజు, పెళ్లికి వెళ్లిన రోజు, ఇంట్లో గొడవైన రోజు, అన్నీ కలిపి. ఆయన్ని మించిన సహజ గాయకుడు ఎవరున్నారు మనకి? ఆయనేం చేశాడో తెలుసా, పాటకి లక్షణ గ్రంథం రాశాడు, సంస్కృతంలో. పాట ఎలా ఉండాలి, పల్లవి ఏంటి, పదం నడక ఏంటి అని. ఆ సంస్కృతం మూలం మనకి దొరకలేదు, మనవడు చిన తిరుమలాచార్యుడు దాన్ని తెలుగులో పెట్టాడు కాబట్టి తెలిసింది. రోజుకొక పాట దానంతటదే వచ్చేసేవాడైతే రూల్సు పుస్తకం ఎందుకు రాసుకుంటాడండీ?

ఇప్పుడు నా గొడవ కొంచెం చెప్పుకుంటాను. గొప్పవాళ్ల పక్కన చెప్పుకోవడం బాగుండదు కానీ మైకు నా చేతిలో ఉంది.

నాలుగేళ్ల కింద పక్క ఊరాయన వచ్చాడు. కూతురి పెళ్లి. అప్పగింతల పాట కావాలి, వీడియోలో పెడతాం అన్నాడు. రెండు వేలు ఇస్తానన్నాడు. నేను ఒక్క ట్రిప్పులో రాసేశాను, వెళ్లేటప్పుడు పల్లవి, వచ్చేటప్పుడు చరణాలు, పాత టికెట్ రోలు వెనక. పసుపు, కుంకుమ, పుట్టిల్లు, మెట్టినిల్లు, గడప, కన్నీరు, అన్నీ ఉన్నాయి. పాడి వినిపించాను. ఆయన విన్నాడు, తల ఊపాడు, "బాగుంది సార్" అన్నాడు, లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగి, "కానీ ఇది మా పిల్ల కాదు సార్" అన్నాడు.

నాకు మండింది. ఇరవై పెళ్లిళ్లకి రాసినవాణ్ని. అయినా సరే కూర్చోమని, మరి మీ పిల్ల ఎట్లా ఉంటుందో చెప్పండి అన్నాను. ఆయనకి చెప్పడం రాలేదు. మంచిది సార్, బుద్ధిమంతురాలు సార్, అందరు తండ్రులూ చెప్పేదే. టీ తాగాం. చాలాసేపు ఊరికే కూర్చున్నాక ఆయనే అన్నాడు, "నేను పొద్దుగాల ఏడింటికి మిల్లుకి పోవాలె. నేను లేచేసరికి బండి రోడ్డు దిక్కు తిప్పిపెట్టి, టిఫిను డబ్బా హ్యాండిలుకి తగిలిచ్చి ఉంటది. చిన్నప్పటి సంది అంతే. బండి దానికన్నా బరువు సార్ అప్పుడు."

ఆయన వెళ్లిపోయాక నేను రాయలేదు. నాకు వచ్చింది.

బండి తిప్పి పెట్టినావు బాపు కోసమే
రేపు పొద్దుగాల బండి ఎవరు తిప్పునే

మూడేసి మాత్రల నడక, లెక్కపెట్టుకోండి, రెండు లైన్లూ ఇరవై ఇరవై. నేను లెక్కపెట్టి కట్టలేదు, ఆ బండి తిప్పేటప్పుడు చక్రం కొంచెం కొంచెం జరిగినట్టు వచ్చింది. తర్వాత లెక్కపెట్టాను, తప్పు లేదు. ఈ రెండు లైన్లకి నాకు పట్టింది రెండు నిమిషాలు. కానీ దీని కింద రెండు చరణాలకి నెల పట్టింది, అవి ఇప్పటికీ నాకు నచ్చవు, ఆయన నచ్చిందన్నాడు కాబట్టి ఊరుకున్నాను. పెళ్లిలో ఆ పాట పెడితే ఆ పిల్ల నవ్విందట. ఏడుస్తుందనుకున్నారు అందరూ. నవ్వి, "బాపూ, రేపటి సంది నువ్వే తిప్పుకో" అందట. అది నా పల్లవి కన్నా మంచి లైను, నాకు కొంచెం అసూయగా కూడా ఉంది.

తర్వాత ఆ పాట ఒక ఛానెల్లో వచ్చింది. లక్షల మంది చూశారు. కింద రాసినవాడి పేరు "జానపదం" అని ఉంది. (నవ్వులు) నవ్వకండి, ఫోన్ చేసి అడిగితే, "సార్, వింటే పాతపాటలా ఉంది, ఎవరో రాశారని అనుకోలేదు" అన్నాడు అటుపక్కన. రెండు రోజులు కోపంగా ఉన్నాను. మూడో రోజు అది తిట్టా పొగడ్తా అన్నది తేలలేదు, ఇప్పటికీ తేలలేదు. అయితే పిల్లలూ, మీరు పాటలు కడితే మాత్రం పేరు అడగండి, డబ్బులూ అడగండి. సహజ కవి అనగానే వీడికి ఊరికే వస్తుంది కాబట్టి ఊరికే ఇస్తాడు అనుకుంటారు. చెట్టుకి కాయ ఊరికే కాస్తుంది కదా అని తోట యజమానిని ఎవరూ ఊరికే ఇమ్మని అడగరు.

ఇక్కడ చీటీలు వచ్చాయి. చూస్తాను. "ఫోన్లో యాప్‌కి చెబితే పాట రాసిస్తోంది కదా సార్, ఇక మీ అవసరం ఏంటి?" పేరు రాయలేదు, తెలివైనవాళ్లు. (నవ్వులు) నేనూ చూశాను. మా అబ్బాయి చూపించాడు. అప్పగింతల పాట రాయమని అడిగాం. పసుపు, కుంకుమ, పుట్టిల్లు, మెట్టినిల్లు, గడప, కన్నీరు. అచ్చం నేను టికెట్ రోలు మీద రాసిన పాటే! అది తప్పు చేసిందని నేను అనలేను, నేను చేసిందీ అదే కదా. కాకపోతే "ఇది మా పిల్ల కాదు సార్" అని ఆ మిల్లాయన వచ్చి గుమ్మంలో నిలబడితే నేను టీ పెట్టగలను.

ఇంకో చీటీ. "నాకు పాట రాసే గుణం ఉందో లేదో ఎలా తెలుస్తుంది?" ఇది మంచి ప్రశ్న, నా దగ్గర మంచి జవాబు లేదు. నాకు తెలిసిన ఒక్క గుర్తు చెబుతాను. రాయాలనిపించడం గుర్తు కాదు, అది అందరికీ అనిపిస్తుంది, ప్రేమలో పడితే మా డ్రైవర్‌కి కూడా అనిపించింది. సరిపోని మాట ఒకటి లైనులో ఉంటే అది మిమ్మల్ని వదలకపోవడం గుర్తు. ఒకసారి ఒక చరణంలో "వాకిలి" అని ఉండాలా "అరుగు" అని ఉండాలా అన్నది తేలక, ఆ ధ్యాసలో ఒకాయన అడిగిన స్టేజీకి బదులు రెండు స్టేజీలు తక్కువకి టికెట్ కొట్టాను. తర్వాత చెకింగ్ ఎక్కింది. ఏమైందో చెప్పను, జేబులోంచి కట్టాను, సంజాయిషీ రాశాను. ఆ సంజాయిషీలో అరుగు గురించి రాయలేదు. పాటలో మాత్రం అరుగే పెట్టాను. అరుగు మీద కూర్చోవచ్చు, వాకిలి దాటాలి. ఆ చరణంలో ఎవరూ ఎక్కడికీ పోవడం లేదు.

అలా పిచ్చి పట్టకపోతే ఏం నష్టం లేదు, మీరు ఆరోగ్యంగా ఉన్నారని అర్థం. మంచి పాట వినేవాళ్లు కూడా కావాలి, ఎత్తుకునేవాళ్లు ఒక్కరైతే అందుకునేవాళ్లు ముప్ఫై మంది కావాలి కదా.

టైమయిందని మేడం గారు గడియారం చూస్తున్నారు. ఒక్కటి చెప్పి దిగిపోతాను.

పోయిన బతుకమ్మకి, సద్దులనాడు, అమ్మే ఎత్తుకుంది. గొంతు వణుకుతోంది ఇప్పుడు, అయినా ఇంకెవరికీ ఇవ్వదు. మధ్యలో ఒకచోట లైను మర్చిపోయింది. అందరూ ఉయ్యాలో అన్నారు, చప్పట్లు కొట్టారు, ఆమె నోరు తెరిచింది, ఏమీ రాలేదు. ఇంకోసారి అదే లైను తిప్పి అన్నారు. మళ్లీ రాలేదు. చప్పట్లు పలచబడ్డాయి. నేను గట్టున నిలబడి ఉన్నాను, నాకు ఏదైనా అందిద్దామని ఉంది, మగవాణ్ని అక్కడికి వెళ్లలేను, అసలు టెన్షన్‌లో నాకూ ఏమీ తోచలేదు. అప్పుడు మా అన్న మనవరాలు, తొమ్మిదేళ్లది, అమ్మ కొంగు పట్టుకుని తిరుగుతున్నది, ఉన్నట్టుండి ఎత్తుకుంది.

సెల్లులో ఛార్జింగు ఉయ్యాలో
సగమన్న లేదాయె ఉయ్యాలో

ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు, నవ్వుతూనే అందుకున్నారు. నేను అక్కడే చీకట్లో వేళ్లు మడిచి లెక్కపెట్టాను. సెల్లులో, ఐదు. ఛార్జింగు, ఐదు. సగమన్న, ఐదు. లేదాయె, ఐదు. మా అమ్మ నవ్వలేదు. చప్పట్లు ఆపకుండా, ఆ పిల్ల వైపు చూడకుండానే, "ఊఁ, తర్వాతది ఎత్తుకో, వాళ్లు ఉయ్యాలో అనేస్తున్నరు" అంది.